రోజుకు 12 ఎకరాలు: ప్లెయిన్స్‌బరో పిల్లలకు రైతుల సంత ఎందుకు చూపించాలి?

రోజుకు 12 ఎకరాలు. 2017, 2022 వ్యవసాయ గణాంకాలను పక్కపక్కన పెట్టి చూస్తే న్యూజెర్సీలో సేద్యపు భూమి తగ్గిన వేగం సగటున ఇది. ఐదేళ్లలో 7.34 లక్షల ఎకరాలు కాస్తా 7.12 లక్షలకు దిగాయి. ఇదే రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరోలో పెరుగుతున్న మన పిల్లలను శనివారం పొద్దున ఫార్మర్స్ మార్కెట్‌కు ఎందుకు తీసుకెళ్లాలో చెప్పడానికి ఇంతకంటే బలమైన అంకె నాకు కనిపించలేదు.

50 ఆవులు, ఒక చుట్టు

2020 జనగణన ప్రకారం ప్లెయిన్స్‌బరో టౌన్‌షిప్ జనాభా 24,084. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు కనిపించే ఈ ఊరు ఒకప్పుడు పాలకు పేరుమోసింది. 1897లో వాకర్-గోర్డన్ డెయిరీ ఇక్కడికి వచ్చింది. 1930లో ఆ డెయిరీ ‘రోటోలాక్టర్’ను నడపడం మొదలుపెట్టింది. గుండ్రంగా తిరిగే ఆ వేదిక మీద ఒకేసారి 50 ఆవులు నిలబడేవి. సుమారు పన్నెండున్నర నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేసరికి పాలు పితకడం పూర్తయ్యేది. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బోర్డెన్ పాల కంపెనీ ‘ఎల్సీ’ పేరుతో జనానికి చూపించిన ఆవు కూడా ఈ డెయిరీదే. 1971లో డెయిరీ మూతపడింది. ఆ నేల మీద ఇప్పుడు అదే పేరుతో ఇళ్ల కాలనీ ఉంది.

శనివారం, 9 నుంచి 1

ప్లెయిన్స్‌బరోకు దగ్గర్లోనే, ప్రిన్స్‌టన్ జంక్షన్ రైల్వే స్టేషన్ దగ్గరి వాన్ డ్రైవ్ పార్కింగ్ స్థలంలో వెస్ట్ విండ్సర్ కమ్యూనిటీ ఫార్మర్స్ మార్కెట్ జరుగుతుంది. 2004లో మొదలైన ఈ సంత సీజన్ మే నుంచి నవంబరు దాకా. శనివారాల్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు ఉంటుంది. గుడ్డ సంచి వెంట ఉండాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను న్యూజెర్సీ 2022 మే 4 నుంచి నిషేధించింది.

ఏ నెలలో ఏది వస్తుందో ముందే చెబితే పిల్లలు దానికోసం ఎదురుచూస్తారు. మే చివర, జూన్‌లో స్ట్రాబెర్రీలు. జూన్ మధ్య నుంచి జూలై దాకా బ్లూబెర్రీలు. జూలై, ఆగస్టుల్లో టమాటాలు, మొక్కజొన్న, పీచ్ పండ్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆపిల్స్, గుమ్మడికాయలు. తోటల్లో పెంచే బ్లూబెర్రీకి పుట్టిల్లు కూడా ఈ రాష్ట్రమే. వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్, శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి పండించిన తొలి పంట 1916లో అమ్మకానికి వెళ్లింది.

డాలరులో 15 సెంట్లు

అమెరికాలో పండిన ఆహారం మీద వినియోగదారుడు పెట్టే ప్రతి డాలరులో రైతుకు చేరేది, 2022 లెక్కల ప్రకారం, సుమారు 15 సెంట్లే. మిగతాది ప్రాసెసింగ్, రవాణా, దుకాణం, హోటల్ ఖర్చులకు పోతుంది. సంతలో డాలరు నేరుగా రైతు చేతిలో పడుతుంది. బండి ఖర్చు, కూలి, స్టాల్ రుసుము ఆయనే భరించాలి గానీ, ధర చెప్పే హక్కు ఆయనదే. 2022 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో సగటు వ్యవసాయ క్షేత్రం 463 ఎకరాలైతే న్యూజెర్సీలో 71 ఎకరాలే. అంత చిన్న కమతానికి ఈ తేడా ప్రాణాధారం.

వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు రైతు నేరుగా అమ్మే ఈ పద్ధతి కొత్త కాదు. దళారుల బెడద తగ్గించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. మనవళ్లకు ఆ కబుర్లు చెప్పమని వాళ్లను సంతకు తప్పకుండా తీసుకెళ్లండి.

60 శాతం, 6 శాతం

సంతలో మొక్కజొన్న పొత్తు పైపొర కాస్త ఒలిచి, గింజ మీద పిల్లాడి గోరుతో నొక్కించండి. కొన్న పొత్తు మీదే సుమా! పాలలాంటి రసం చిమ్మితే లేత పొత్తు. కోసిన క్షణం నుంచీ అందులోని చక్కెర పిండిపదార్థంగా మారుతూ ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క రోజులో 60 శాతం దాకా మారిపోవచ్చు. సున్నా డిగ్రీల దగ్గరైతే 6 శాతమే. అందుకే “ఎప్పుడు కోశారు?” అన్నది పిల్లలు రైతును అడగాల్సిన మొదటి ప్రశ్న. పొత్తులు ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

8 నుంచి 15 సార్లు

కొత్త కూరగాయను చిన్నపిల్లలు ఇష్టపడటానికి 8 నుంచి 15 సార్లు రుచి చూపించాల్సి రావచ్చని పోషకాహార పరిశోధకులు చెబుతారు. రెండోసారికే “వీడు తినడు” అని తీర్మానించకండి. ఆ వారం కూర ఏదో పిల్లలనే ఎంచుకోనివ్వండి, తూకం వేయించనివ్వండి, డబ్బులు వాళ్ల చేతులతోనే ఇప్పించండి. ఒక పౌండు అంటే సుమారు 454 గ్రాములన్న లెక్క కూడా అక్కడే వస్తుంది.

సంతలో కొన్నవి పిల్లలకు పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. నాలుగేళ్లలోపు పిల్లలకు ద్రాక్ష, చెర్రీ టమాటాలు నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెట్టాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు. నాలుకకు తేనె రాసే ఆచారం మనలో ఉన్నా సరే, బాట్యులిజం అనే ప్రమాదకర జబ్బు ముప్పు ఉంది.

2.5 లక్షల ఎకరాలు

తగ్గుతున్న భూమిని కాపాడే ప్రయత్నమూ సాగుతోంది. 1983 చట్టంతో ఊపిరి పోసుకున్న న్యూజెర్సీ వ్యవసాయ భూ సంరక్షణ పథకం ఇప్పటికి 2.5 లక్షల ఎకరాలకు పైగా సేద్యానికే కట్టుబడేలా చేసింది. రైతు భూమి రైతు దగ్గరే ఉంటుంది. దాన్ని ప్లాట్లుగా మార్చే హక్కును మాత్రం ప్రజాధనంతో కొంటారు. ఆ ధనం ఎంత ఇవ్వాలన్నది ఓటర్లు తేల్చే విషయం. ఈ రోజు బండి పక్కన నిలబడి బ్లూబెర్రీలు ఏరుకునే పిల్లలే రేపటి ఓటర్లు. పొలం ఎవరిదో, పంట వెనుక ఎంత శ్రమ ఉందో చిన్నప్పుడే కళ్లారా చూసినవారికి ఆ ఓటు విలువ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.