బకెట్ వేడినీళ్ల వెనకున్న నది

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌కు పడమట, వైటాకెరె కొండల దగ్గరున్న హెండర్సన్‌లో జులై అంటే నడి చలికాలం. మన ఊళ్లలో వానలు పడుతుంటే ఇక్కడ తెల్లవారుజామున ఏడెనిమిది డిగ్రీల చలి ఉంటుంది. స్నానానికి పదిహేను లీటర్ల బకెట్ నీళ్లు కావాలనుకుందాం. కుళాయి నీళ్లు 15 డిగ్రీల దగ్గరుంటే వాటిని 40 డిగ్రీలకు తేవాలి. అందుకు దాదాపు 16 లక్షల జౌళ్ల శక్తి పడుతుంది. మీటరు లెక్కలో అర యూనిట్ కన్నా కాస్త తక్కువ. వినడానికి ఇది చిన్న అంకెగానే ఉంటుంది. ఈ అర యూనిట్‌ను ఒక నది ఇవ్వాలంటే ఎంత నీరు ఎంత ఎత్తు నుంచి పడాలో లెక్క వేస్తేనే దాని బరువు తెలుస్తుంది.

ఆక్లాండ్ నగరం తనకు కావలసిన కరెంటులో చాలా కొద్ది భాగమే స్వయంగా తయారు చేసుకుంటుంది. మిగతాదంతా దక్షిణం నుంచి పెద్ద లైన్ల మీద వస్తుంది. ఆ దారిలో ముఖ్యమైనది వైకాటో నది. టౌపో సరస్సులో బయలుదేరిన ఈ నది ఎనిమిది ఆనకట్టలు దిగి సముద్రం వైపు సాగుతుంది. వాటిలో పాతవాటి జాబితాలో మొదట చెప్పుకోవలసింది అరాపుని. అక్కడ 1929లో కరెంటు తీయడం మొదలైంది, ఇప్పటికీ తీస్తున్నారు. నీరు అక్కడ యాభై మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి టర్బైన్ల మీదికి దిగుతుంది.

ఒక లీటరు నీరు యాభై మీటర్లు దిగితే 490 జౌళ్లు వస్తాయి. టర్బైన్‌లోనూ జనరేటర్‌లోనూ పోయేది పోగా 440 మిగిలిందనుకుందాం. మన బకెట్‌కు కావలసిన 16 లక్షల జౌళ్లను దీనితో భాగించి చూడండి. మూడున్నర వేల లీటర్ల నీరు ఆ ఎత్తు నుంచి పడితే తప్ప పదిహేను లీటర్ల నీళ్లు స్నానానికి పనికొచ్చేంత వేడెక్కవు. ఒక బకెట్ వేడికి రెండు వందలకు పైగా బకెట్ల నది దిగాలన్నమాట.

ఇందులో ఎవరి మోసమూ లేదు, యంత్రాల లోపమూ కాదు. ఎత్తునుంచి పడటంలో ఉన్న శక్తికీ వేడిలో ఉన్న శక్తికీ మధ్య మారకపు లెక్కే అలాంటిది. దాన్ని 1840లలో జేమ్స్ జౌల్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు కొలిచి చూపాడు. ఆయనది బీరు తయారీ వ్యాపారం చేసే కుటుంబం, ఊరు మాంచెస్టర్ దగ్గర. బరువులు కిందికి దిగుతూ ఒక తెడ్డును తిప్పేలా, ఆ తెడ్డు పాత్రలో నీళ్లను చిలికేలా అమర్చాడు. నీళ్లు వేడెక్కాయి, చాలా కొద్దిగా. ఆ కొద్ది వేడిని ఓపికగా కొలిచాడు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే, ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించే శక్తి ఆ లీటరు నీరు దాదాపు 427 మీటర్లు కిందికి పడితే వచ్చే శక్తికి సమానం. అంత ఎత్తు జలపాతం అడుగున కూడా నీరు ఒక్క డిగ్రీయే వేడెక్కుతుంది. వేడి అనేది ఎంత శక్తిని మింగుతుందో ఇంతకన్నా బాగా చెప్పే అంకె నాకు కనబడలేదు.

ఇప్పుడు ఆ నీటి వెంట వెనక్కి వెళదాం. టౌపో సరస్సు సముద్రమట్టానికి మూడు వందల యాభై మీటర్లకు పైన ఉంది. నీళ్లు అక్కడికి ఎక్కడానికి సూర్యుడే కారణం. సముద్రపు నీటిని ఆవిరి చేసి పైకి లేపింది ఎండ. కాంతి ఉష్ణమైంది, ఉష్ణం ఆవిరిని ఎత్తింది, వాన కొండల మీద కురిసింది. సరస్సులో కదలకుండా ఉన్నప్పుడు నీటిది స్థితిజశక్తి. ఆనకట్ట గొట్టంలో దూకేటప్పుడు గతిజశక్తి. టర్బైన్ తిరిగితే అది యాంత్రిక శక్తి. జనరేటర్‌లో అయస్కాంతం తీగచుట్టల మధ్య తిరిగితే విద్యుత్తు. హెండర్సన్ ఇంట్లో హీటర్ దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఉష్ణం. బడిలో వేరువేరు పేర్లతో బట్టీ పట్టించినవన్నీ నిజానికి ఒకే దారి మీద వరసగా వచ్చే మజిలీలు.

సరస్సు దాటాక ఈ వరసలో ఆగే చోటు ఒకటీ లేదు. తీగల్లో కరెంటు నిలవ ఉండదు. సాయంత్రం ఆరింటికి ఆక్లాండ్ జనం ఇళ్లకు చేరి హీటర్లూ పొయ్యిలూ వెలిగిస్తే, ఆ క్షణంలోనే ఎక్కడో జనరేటర్ అంత అదనపు బరువు లాగాలి. మొదటి క్షణాల్లో అది తన తిరుగుడులోంచే ఇస్తుంది. వందల టన్నుల చక్రాలు తిరుగుతున్నాయి కదా, ఆ గతిజశక్తిలో కొంత కరెంటుగా మారిపోతుంది, చక్రాలు వెంట్రుకవాసి నెమ్మదిస్తాయి. సెకనుకు యాభై ఆవృత్తాల లెక్క కాస్త జారుతుంది. ఆ జారడాన్ని గవర్నర్ అనే వేగ నియంత్రకం పసిగట్టి గేట్లు మరింత తెరుస్తుంది, నీరు ఇంకొంచెం ఎక్కువగా దూకుతుంది. మనం స్విచ్ వేసిన సంగతి ఎంతో దూరంలోని టర్బైన్లకు చక్రం వేగం ద్వారానే తెలుస్తుంది. ఎంత చూసినా నాకు ఆశ్చర్యం తీరని విషయం ఇది.

నీళ్లు తక్కువైన ఏడు ఏమవుతుంది? న్యూజిలాండ్ కరెంటులో సగానికి పైగా జలవిద్యుత్తే కాబట్టి ఎండిన చలికాలాలు ఆ దేశాన్ని బాగా ఇబ్బంది పెడతాయి. 2024 ఆగస్టులో సరస్సుల్లో నీటిమట్టం బాగా తగ్గి, గ్యాస్ కూడా చాలక టోకు ధరలు విపరీతంగా పెరిగాయి. అలాంటప్పుడు హంట్లీ బొగ్గు కేంద్రం మీద భారం పడుతుంది. మన కొత్తగూడెం, రామగుండం కేంద్రాల పద్ధతే అక్కడా. బొగ్గులో ఉన్న రసాయన శక్తి మండి వేడవుతుంది, వేడి నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. వంద వంతుల వేడి పెడితే ముప్ఫై అయిదు వంతుల దగ్గర కరెంటుగా వస్తుంది. తక్కినదంతా పొగగొట్టం గుండా గాలిలోకీ, చల్లబరిచే నీటితో వైకాటో నదిలోకీ పోతుంది. నది నీరు 25 డిగ్రీలు దాటకూడదన్న నిబంధన వల్ల ఎండాకాలంలో హంట్లీ ఒక్కోసారి ఉత్పత్తి తగ్గించుకోవలసి వస్తుంది. పోయిన శక్తి ఎక్కడికీ పోలేదని, అక్కడే ఉందని చెప్పడానికి అదే సాక్ష్యం. శక్తి నశించలేదు. గోరువెచ్చటి నదిగా మారింది, కాని దానితో ఇక ఏ చక్రమూ తిప్పలేం.

శక్తి గురించి నేర్చుకోవలసిన రెండో పాఠం ఇదే. సృష్టించలేం, నశింపజేయలేం అన్న మొదటి పాఠం అందరికీ నోటికి వచ్చు. రెండోదాన్ని అంతగా ఎవరూ చెప్పరు. శక్తి మొత్తం తగ్గదు గాని పనితనం తగ్గుతుంది. కరెంటు, ఎత్తున ఉన్న నీరు, బొగ్గు, ఇవి దేనికైనా వాడుకోగలిగిన శక్తులు. గదిలో చెదిరిపోయిన ఇరవై డిగ్రీల వేడి ఆ దారి చివర ఉండేది. కరెంటును నేరుగా వేడిగా మార్చేయడం తేలికే, నూటికి నూరు వంతులూ వేడవుతుంది. ఆ నూరు చూసి సంతోషించకూడదని నా అభిప్రాయం. హంట్లీలో వేడిని మూడో వంతు కరెంటుగా మార్చి, దాన్ని ఇంట్లో మళ్లీ వేడిగా మార్చుకుంటే, బొగ్గులోని వేడిలో మూడో వంతే మన గదికి చేరింది.

అందుకే న్యూజిలాండ్ ఇళ్లలో హీట్‌పంప్‌కు అంత ప్రాధాన్యం. 2019లో వచ్చిన ఆరోగ్యకర గృహ ప్రమాణాల ప్రకారం అద్దె ఇంటి ముందుగదిని 18 డిగ్రీలకు తేగల హీటర్‌ను యజమాని అమర్చాలి, చాలామంది హీట్‌పంపే పెట్టిస్తారు. ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడు, ఒక్కోసారి నాలుగు యూనిట్ల వేడి ఇస్తుందంటే మొదట నమ్మబుద్ధి కాదు. శక్తి నిత్యత్వ నియమానికి ఇది విరుద్ధం కాదా అని అడిగేవాళ్లుంటారు. కాదు. బావిలోంచి నీళ్లు తోడే మోటారు నీళ్లను పుట్టించదు, ఉన్న నీళ్లను పైకి తెస్తుంది. హీట్‌పంప్ కూడా బయట ఉన్న వేడిని లోపలికి తోడుతుంది.

బయట ఏడు డిగ్రీలుంటే వేడి ఎక్కడుంది అనుకోవచ్చు. సున్నా డిగ్రీలు అనేది నీరు గడ్డకట్టే చోటు మాత్రమే, వేడి అయిపోయే చోటు కాదు. వేడి పూర్తిగా అయిపోవాలంటే సున్నాకు ఇంకా 273 డిగ్రీలు కిందికి పోవాలి. ఏడు డిగ్రీల గాలిలో కావలసినంత వేడి ఉంది, మనకన్నా చల్లగా ఉండటం వల్ల దానంతట అది మన గదిలోకి రాదు, అంతే. ఇప్పటి హీట్‌పంపుల్లో ఎక్కువగా వాడే ఆర్-32 అనే ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బయటి పెట్టెలో ఒత్తిడిని సర్ది ఆ ద్రవాన్ని బయటి గాలికన్నా చల్లగా ఉంచుతారు. అప్పుడు ఏడు డిగ్రీల గాలి కూడా దానికి వేడిగానే తోస్తుంది, ఆ గాలి వేడి తీసుకుని అది ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కుతుంది, నొక్కితే ఆవిరి బాగా వేడెక్కుతుంది, లోపలి పెట్టెలో మళ్లీ ద్రవమవుతూ ఆ వేడంతా గదికి ఇచ్చేస్తుంది. కరెంటు చేసిన పని నొక్కడం, తిప్పడం వరకే. విజయవాడలో మే నెలలో నడిచే ఏసీ కూడా ఇదే యంత్రం, అక్కడ వేడిని బయటికి తోడుతుంది.

మంచు పట్టే ఉదయాల్లో బయటి పెట్టె గొట్టాల మీద అది తెల్లగా పేరుకుంటుంది. అప్పుడు యంత్రం కాసేపు తిరగబడి ఇంట్లోని వేడితో ఆ మంచును కరిగించుకుంటుంది, పెట్టె నుంచి పొగలాగా ఆవిరి లేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి యంత్రం కాలిపోతోందేమోనని కంగారు పడతారు, అక్కర్లేదు. రెండు కిలోవాట్ల ఆయిల్ హీటర్‌ను ఆగకుండా ఎనిమిది గంటలు నడిపితే పదహారు యూనిట్లు. అదే వేడికి హీట్‌పంప్ అయిదారు యూనిట్లు తీసుకుంటుంది. హంట్లీ లెక్క గుర్తుంటే, బొగ్గుకేంద్రం దగ్గర పోగొట్టుకున్న మూడింట రెండు వంతులను బయటి గాలి నుంచి దాదాపుగా తిరిగి రాబట్టుకున్నట్టే. ఫిల్టర్‌లో దుమ్ము పట్టనిస్తే ఈ లాభం తగ్గిపోతుంది గనక నెలకోసారయినా కడగాలి.

వంటింట్లో రైస్ కుక్కర్‌ది మరో లెక్క. నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే శక్తికి ఆరు రెట్లకు పైగా, ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి పడుతుంది. అంత వేడి పోస్తున్నా నీరున్నంతసేపూ గిన్నె వంద డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. నీరు ఇగిరిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది. మామూలు కుక్కర్ అడుగున ఉన్న అయస్కాంతం ఆ వేడికి పట్టు వదిలేస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. అన్నం ఉడికిందని యంత్రానికి తెలియదు, నీళ్లు అయిపోయాయని వేడి చెబుతుంది.

ఆ అన్నం కూడా శక్తే. డెబ్భై కిలోల మనిషి వైటాకెరె కొండల్లో మూడు వందల మీటర్లు ఎక్కితే రెండు లక్షల జౌళ్ల స్థితిజశక్తి చేరుతుంది. కండరాలు తిన్నదానిలో నాలుగో వంతునే పనిగా మార్చగలవు కాబట్టి అందుకు నూట యాభై గ్రాముల అన్నం ఖర్చు. మిగతా మూడు వంతులూ వేడవుతాయి, చెమట పట్టేది అందుకే. దిగేటప్పుడు ఆ రెండు లక్షల జౌళ్లు వెనక్కి రావు, కండరాల్లోనూ మోకాళ్లలోనూ వేడిగా పోతాయి.

రైలు ఈ విషయంలో మనకన్నా మెరుగు. హెండర్సన్ మీదుగా పోయే వెస్టర్న్ లైన్‌లో 2015 జులై దాకా డీజిల్ రైళ్లే. ఆగిన ప్రతి స్టేషన్లోనూ వాటి గతిజశక్తి వేడిగా గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు స్వాన్సన్ దాకా పైన 25,000 వోల్టుల తీగ ఉంది. వంద టన్నుల బరువు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తే దానిలో రెండు కోట్ల జౌళ్లుంటాయి, అయిదున్నర యూనిట్లు. బ్రేక్ వేయగానే రైలు మోటార్లే జనరేటర్లవుతాయి. చక్రాలు వాటిని తిప్పుతూ నెమ్మదిస్తాయి, పుట్టిన కరెంటులో చాలా భాగం పై తీగలోకి పోయి వాడుకలోకి వస్తుంది.

కరెంటును నిలవ ఉంచడమే మిగిలిన చిక్కు. న్యూజిలాండ్ దానికి 1950ల నుంచే ఒక ఉపాయం వాడుతోంది. ఇళ్లలో వేడినీటి సిలిండర్లను గిరాకీ ఎక్కువున్న వేళ లైన్ల కంపెనీ తీగల మీద సంకేతం పంపి ఆపేస్తుంది, రద్దీ తగ్గాక మళ్లీ వేస్తుంది. 180 లీటర్ల నీటిని 15 నుంచి 60 డిగ్రీలకు వేడిచేస్తే తొమ్మిది యూనిట్లకు పైగా దాచినట్టు, కుళాయి తిప్పినవాళ్లకు తేడా కూడా తెలియదు. పెద్ద ఎత్తున చేయాలంటే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం చూడాలి. అక్కడి ఆరు యంత్రాలు ఒక్కొక్కటి 150 మెగావాట్లవి, రెండు వైపులా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని జలాశయంలోకి ఎత్తిపోసి, అవసరమైనప్పుడు దింపుకోవచ్చు. ఎత్తి దించడంలో అయిదో వంతో నాలుగో వంతో పోయినా సమయం చేతికొస్తుంది. న్యూజిలాండ్ ఇంకా పెద్దది తలపెట్టింది. ఎండిన ఏడు కోసమే దక్షిణ ద్వీపంలోని ఆన్‌స్లో సరస్సులోకి నీరు ఎత్తిపోయాలన్న పథకాన్ని 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఆపేసింది. ఖర్చు ఎక్కువన్న మాట నిజమే అయినా, ప్రత్యామ్నాయం లేకుండా ఆపడం నాకు సరైన పనిగా అనిపించలేదు. నీరు చాలని చలికాలాల్లో ఆ లోటును ఇప్పటికీ చాలావరకు హంట్లీ దగ్గర పేర్చిన బొగ్గే పూడుస్తోంది.