గ్రేడు కళాశాలది... కష్టం అధ్యాపకునిది
‘న్యాక్’ గుర్తింపులో బోధన సిబ్బంది పాత్ర ఎంత?

ఉయ్యూరు: ఇంటర్ ఫలితాలు వెలువడగానే విజయవాడ-మచిలీపట్నం రహదారి వెంబడి కళాశాలల ప్రకటన ఫలకాలు దర్శనమిస్తాయి. కళాశాల పేరు కింద ‘న్యాక్ గుర్తింపు పొందినది’ అన్న పంక్తి, దాని పక్కన పెద్దదిగా ఒక అక్షరం ఉంటాయి. బిడ్డను డిగ్రీలో చేర్పించేందుకు వచ్చిన రైతు ఆ అక్షరాన్ని చూసి భవనాలకో, కంప్యూటర్లకో ఇచ్చిన మార్కుగా భావిస్తాడు. వాస్తవానికి అందులో అత్యధిక భాగం తరగతి గదిలో నల్లబల్ల ముందు నిలబడే అధ్యాపకునికి సంబంధించినదే. ఈ సంగతి చేరే విద్యార్థులకే కాదు, జీతాలిచ్చే యాజమాన్యాలకు కూడా తగినంతగా తెలిసినట్లు కనిపించదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1994లో బెంగళూరు కేంద్రంగా జాతీయ మదింపు, గుర్తింపు మండలిని నెలకొల్పింది. దీనినే మనం న్యాక్ అంటున్నాం. మొదట్లో కళాశాలలు ఇష్టముంటేనే దీనికి దరఖాస్తు చేసుకొనేవి. 2012 నాటి యూజీసీ నిబంధనలతో గుర్తింపు తప్పనిసరి అయింది. రాష్ట్రీయ ఉచ్చతర్ శిక్షా అభియాన్ వంటి పథకాల కింద నిధులు రావాలన్నా, స్వయంప్రతిపత్తి దక్కాలన్నా ఈ గుర్తింపే ఆధారమైంది.

బోధనకే పెద్ద పీట

2017 జూలైలో సవరించిన విధానంలో మొత్తం వెయ్యి మార్కులను ఏడు అంశాలకు పంచారు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే కళాశాలకు బోధన, అభ్యసన, మూల్యాంకనం అన్న ఒక్క అంశానికే 350 మార్కులు కేటాయించారు. భవనాలు, గ్రంథాలయం, ప్రయోగశాలలు అన్నీ కలిపి దక్కేది వందే. రంగులు వేయించి, ద్వారం వద్ద పూలకుండీలు పేర్చితే గ్రేడు వస్తుందనుకొనే వారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

స్వయంప్రతిపత్తి గల కళాశాలల్లో ఈ బాధ్యత మరో విధంగా ఉంటుంది. ఉయ్యూరులోని ఏజీ అండ్ ఎస్‌జీ సిద్ధార్థ కళాశాల ఈ కోవలోనిదే. దాని పేరులోని ‘ఎస్‌జీ’ అంటే షుగర్‌కేన్ గ్రోయర్స్, అనగా చెరకు రైతులు. 1975లో ఏర్పడిన సిద్ధార్థ అకాడమీ దీనిని నిర్వహిస్తోంది. చెరకు పండించిన వారి పేరు ఒక కళాశాల పేరులో శాశ్వతంగా నిలవడం ఈ ప్రాంతానికి గర్వకారణమే. ఇటువంటి కళాశాల మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నప్పటికీ, పాఠ్య ప్రణాళికను దాని అధ్యయన మండళ్ళే రూపొందిస్తాయి. ప్రశ్నపత్రాలు, మూల్యాంకనం సైతం కళాశాల బాధ్యతే. అందుకే న్యాక్ వీటికి బోధనలో 300 మార్కులు ఉంచి, పాఠ్య ప్రణాళికకు 150, పరిశోధన, విస్తరణకు 150 కేటాయించింది. అనుబంధ కళాశాల అధ్యాపకుడు ఇచ్చిన పాఠాన్ని చెబితే సరిపోతుంది. ఇక్కడ ఏ పాఠం చెప్పాలో నిర్ణయించి, ఆ నిర్ణయం ఎందుకు సరైనదో కూడా వివరించాలి.

పాఠానికి లెక్క

తరగతిలో ఈ లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు కాస్ట్ అకౌంటింగ్ బోధిస్తున్నాడనుకుందాం. పాఠం పూర్తయ్యేనాటికి విద్యార్థి ఏమేమి చేయగలగాలో ఆయన ముందుగానే రాసి ఉంచాలి. పరీక్షలో అడిగిన ప్రతి ప్రశ్న వాటిలో దేనిని పరీక్షిస్తున్నదో గుర్తించాలి. ఫలితాలు వచ్చాక ఎంత శాతం మంది ఆ స్థాయికి చేరుకున్నారో లెక్క తీయాలి. వెనుకబడిన వారికి ప్రత్యేక తరగతులు నిర్వహించి, తిరిగి ఆ లెక్క చూపాలి. సక్రమంగా చేస్తే ఇది మంచి పద్ధతే. ఏ అధ్యాయం విద్యార్థులకు అందలేదో గురువుకు తెలుస్తుంది.

ఇబ్బంది కాగితాల దగ్గర మొదలవుతుంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడు విద్యార్థులను చెరకు తోటకు తీసుకువెళ్ళి తెగులు లక్షణాలు చూపించాడనుకుందాం. అనుమతి పత్రం, సంతకాల పట్టిక, స్థలం, తేదీ నమోదైన ఛాయాచిత్రం, నివేదిక లేకపోతే ఆ పర్యటన న్యాక్ దృష్టిలో జరగనట్లే. వీటన్నింటినీ అంతర్గత నాణ్యతా విభాగం సేకరించి ఏటా వార్షిక నివేదిక పంపాలి. ఆ విభాగంలో ఉండేది వేరే ఉద్యోగులు కారు, పాఠాలు చెప్పే అధ్యాపకులే. బృందం రాక సమీపించే కొద్దీ తరగతులకన్నా దస్త్రాలకే ఎక్కువ సమయం వెచ్చించవలసి రావడం ఈ వృత్తిలోని వారిని కదిలిస్తే వినిపించే ఫిర్యాదు. నాణ్యతను కొలిచే పనే నాణ్యతకు అడ్డు రావడం విచిత్రమే మరి.

ఖాళీ కుర్చీకి మార్కులుండవు

మంజూరైన పోస్టుల్లో ఎందరు పూర్తికాల అధ్యాపకులున్నారు, వారిలో పీహెచ్‌డీ, నెట్, సెట్ అర్హత గలవారెందరు, ఒక్కో అధ్యాపకునికి ఎంతమంది విద్యార్థులు అన్నవి సంఖ్యలతో తేలే అంశాలు. గంటల లెక్కన వచ్చి పాఠం చెప్పి వెళ్ళే అతిథి అధ్యాపకుడు ఎంత సమర్థుడైనా పూర్తికాల అధ్యాపకుల లెక్కలోకి రాడు.

రాష్ట్రంలో ఇక్కడే పెద్ద కుదుపు వచ్చింది. ఎయిడెడ్ విద్యాసంస్థల సిబ్బందిని ప్రభుత్వ సంస్థల్లోకి తీసుకొనే విధానాన్ని 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. నిరసనలు రేగడంతో ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కు తీసుకొనే వీలును అదే ఏడాది నవంబరులో కల్పించింది. సిబ్బందిని అప్పగించిన కళాశాలల నుంచి అనుభవజ్ఞులైన అధ్యాపకులు వెళ్ళిపోయారు. ప్రభుత్వ జీతం స్థిరపడిన వారికి అది మేలే. వారు విడిచిన కుర్చీలో తక్కువ వేతనానికి కొత్తవారిని కూర్చోబెట్టిన చోట పదిహేను, ఇరవయ్యేళ్ళ బోధనానుభవం ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయింది. దానిని ఏ ఛాయాచిత్రమూ పూడ్చలేదు.

తీర్పరులూ అధ్యాపకులే

మార్కులు వేసే వారు సైతం ఇదే వృత్తికి చెందిన వారు. 2017 విధానంలో సుమారు 70 శాతం మదింపు కళాశాల సమర్పించిన గణాంకాల ఆధారంగా జరిగేది. మిగిలిన 30 శాతం పరిశీలక బృందం చేతిలో ఉండేది. ఉపకులపతులు, ఆచార్యులు, ప్రిన్సిపాళ్ళు ఈ బృందాల్లో సభ్యులు. ఈ ప్రాంతానికి కూతవేటు దూరంలోనే ఆ వ్యవస్థపై మచ్చ పడింది. వడ్డేశ్వరంలోని కోనేరు లక్ష్మయ్య ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌కు ఏ డబుల్ ప్లస్ గ్రేడు ఇచ్చేందుకు ముడుపులు చేతులు మారాయన్న అభియోగంపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. వారిలో పరిశీలక బృందం అధ్యక్షుడు, సభ్యులు, విద్యాసంస్థ ప్రతినిధులు ఉన్నారు. అభియోగాల్లోని నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే, ఏళ్ళ తరబడి నిజాయతీగా దస్త్రాలు సిద్ధం చేసిన సామాన్య అధ్యాపకుని శ్రమను కూడా జనం అనుమానంగా చూసే పరిస్థితి దాపురించింది.

అక్షర గ్రేడులకు బదులు ‘గుర్తింపు ఉంది’ లేదా ‘లేదు’ అని మాత్రమే చెప్పే పద్ధతిని తెస్తామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. ఆపై ఎదగదలచిన సంస్థలకు ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిలుంటాయి.

ఏ పద్ధతి వచ్చినా తల్లిదండ్రులు చూడదగిన పత్రం ఒకటుంది. న్యాక్‌కు సమర్పించే స్వీయ అధ్యయన నివేదికను కళాశాలలు తమ వెబ్‌సైట్‌లో ఉంచాలి. అందులో రెండో అంశం తెరిస్తే అధ్యాపకుల వివరాలు, అర్హతలు, అనుభవం ఉంటాయి. ప్రవేశాలకు వెళ్ళిన రోజున ఆ జాబితా చేతబట్టుకొని, బిడ్డ చేరదలచిన విభాగంలో వారిలో ఎందరు ఇంకా పనిచేస్తున్నారో ప్రిన్సిపాల్‌ను అడగవచ్చు.