తడినేలలో తెల్లపూలు

మన హాస్టల్ స్నానాల గదుల వెనుక నేల ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది. ఆ బురదను చూసి ముక్కు మూసుకునే కంటే, అందులో ఏ మొక్క బతుకుతుందో తెలుసుకోవడం మేలనుకున్నాం, తోటపని చూసే పిల్లలం. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండే తెల్లపూల మొక్కల గురించి మాకు తెలిసినంత చెబుతాము.

తడినేల అంతా ఒకటి కాదు. నీరు నిలిచే చోటు వేరు, చెమ్మ మాత్రమే ఉండే చోటు వేరు. మనం దండలు కట్టే లిల్లీని, అంటే నేలసంపెంగను, బురదలో పెడితే దుంప కుళ్లిపోతుంది. దాని చోటు గట్టు మీదే.

చెమ్మ నేలకు స్పైడర్ లిల్లీని మించింది లేదు. సాలీడు కాళ్ల లాంటి సన్నని తెల్లరేకులు, సాయంత్రం పూట మంచి వాసన. దుంప మెడ నేలకు సమంగా ఉండేలా, అడుగున్నర ఎడంతో నాటాలి. మూడు నాలుగేళ్లకు గుబురైపోతుంది, అప్పుడు పిలకలు విడదీయాలి. జడలో నిలవదు కానీ మొక్క మీద చూడముచ్చటగా ఉంటుంది. దాని ముందు వరుసలో తెల్ల రెయిన్ లిల్లీలు నాలుగేసి అంగుళాల దూరంలో పెట్టుకోవచ్చు. వాన పడిన కొద్ది రోజులకే పూస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రెండింటి దుంపలూ అచ్చం ఉల్లిగడ్డల్లా ఉంటాయి, కానీ విషం. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అందుకే వంటగది వైపు నాటకూడదు, తవ్విన దుంపలను ఆరుబయట వదలకూడదు. మూడో తరగతి చెల్లెళ్లకు ఇది పెద్దవాళ్లే చూపించి చెప్పాలి.

నీరు నిలిచే చోట తెల్లకలువ. మోకాలెత్తు సిమెంటు తొట్టిలో చెరువు మట్టి వేసి దుంప నాటి, పైన అడుగు నీరు ఉంచితే చాలు. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. ఇది రాత్రి విచ్చుకుని మరునాడు పొద్దెక్కాక ముడుచుకుంటుంది. చీకట్లో తిరిగే పురుగులకు తెలుపు బాగా కనబడుతుంది. రెయిన్ లిల్లీ మాత్రం తెల్లనిదైనా ఎండలోనే విచ్చుకుంటుంది.

తొట్టి అనగానే దోమల భయం. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. గప్పీ చేపలు నాలుగు వేస్తే ఆ పిల్లపురుగులను తినేస్తాయి. గంబూషియా చేపలూ తింటాయి కానీ వాటిని ఊరి చెరువులో వదలకూడదు, నాటు చేపల గుడ్లనూ పిల్లలనూ మింగేస్తాయి.

బట్టలుతికిన సోడానీళ్లు ఏ మొక్కకూ పోయకండి. నేల గట్టిపడిపోతుంది. వాటికి ఇంకుడుగుంత ఉంది.

జూన్‌లో పిలకలు విడదీస్తాం. ఇంటి దగ్గర బోరింగు పక్కన నాటుకునేవారు తలా రెండు తీసుకెళ్లవచ్చు. సంచి మీద 'తినరాదు' అని రాసే ఇస్తాము.