గంజాయిలో రసాయనాల జట్టు.. నిజమెంత?

చిక్కడపల్లి: అశోక్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి పరిసరాల్లో గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే యువతీ యువకులు ఎందరో. గంజాయి మొక్కే కదా, అందులోని పదార్థాలు ఒకదానికొకటి విరుగుడవుతాయి, హాని ఉండదన్న వాదన యువతలో వినిపిస్తుంటుంది. ఇందులో శాస్త్రం కొంతే.

మత్తు కలిగించేది ప్రధానంగా టీహెచ్‌సీ. ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్తలు రాఫెల్‌ మెషూలం, గావోని 1964లో దీనిని వేరుచేశారు. మత్తివ్వని సీబీడీ సహా ఈ కోవకు చెందినవి వందకు పైగా మొక్కలో ఉన్నాయి. వీటికితోడు వాసననిచ్చే టెర్పీన్లు. నిమ్మతొక్కలోని లిమోనీన్, మిరియాల్లోని కారియోఫిలీన్ ఈ జాతివే. అన్నీ కలిస్తేనే పూర్తి ప్రభావమన్న ఊహకు మూలం 1998 నాటి పరిశోధన. చిత్రమేమంటే, అది జరిగింది మొక్కపై కాదు, జీవుల శరీరంలో సహజంగా తయారయ్యే పదార్థంపై.

తరువాతి ఫలితాలు ఒక్క తీరున లేవు. సిడ్నీలో 2019లో కణాలపై జరిపిన పరీక్షల్లో టెర్పీన్లు టీహెచ్‌సీ పనితీరును మార్చలేదు. అమెరికాలో 20 మందిపై జరిపి 2024లో వెల్లడించిన పరిశోధనలో, లిమోనీన్‌ను ఆవిరి రూపంలో కలిపి ఇస్తే టీహెచ్‌సీ కలిగించే ఆందోళన తగ్గింది. మిగిలిన ప్రభావాలు అంతగా మారలేదు. విరుగుడుగా చెప్పుకునే సీబీడీ సంగతి మరీ విచిత్రం. దానిని అధిక మోతాదులో టీహెచ్‌సీతో కలిపి తినిపించగా, శరీరంలో టీహెచ్‌సీ విచ్ఛిన్నం మందగించి మత్తు పెరిగినట్లు 2023లో తేలింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఈ పాళ్లను లెక్కించదు. పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు గంజాయే. కిలోలోపు దొరికినా ఏడాది వరకు కఠిన జైలుశిక్ష, రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రభుత్వ కొలువుకు ఎంపికైన వారు పూర్వచరిత్ర విచారణ పత్రంలో ఆ కేసు వివరాలు రాయవలసిందే.