పట్టు పోగు మీద సుంకం: భారం ఎవరిది?

విదేశీ సరుకును రానివ్వాలా, ఆపాలా అన్న చర్చ మన ఇళ్లలోనూ సాగుతూనే ఉంటుంది. 'మన దేశంలో తయారైనదే కొనాలి' అనడం తేలికే. అయితే మన సరుకు అన్నప్పుడు అందులో ఎంతమంది రోజీ ఇమిడి ఉందో తెలియాలంటే పట్టు పోగు వెంట కొంత దూరం నడవాలి.

మన హిందూపురంలోనూ, కర్ణాటకలోని రామనగర, శిడ్లఘట్టలలోనూ పట్టుగూళ్ల మార్కెట్లున్నాయి. రైతు మల్బరీ ఆకు పెంచి, పురుగులను మేపి గూళ్లు తెస్తాడు. వాటిని కొని, ఉడికించి దారం తీసేవారు రీలర్లు. వీరిలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. రోజంతా వేడి నీళ్లలో చేతులు నానబెట్టి చేసే పని అది. వేళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఆ మెహనత్ కళ్లారా చూసినవారు పట్టుచీర ధర గురించి బేరమాడరు.

ఇక ముడిపట్టును నేసే పెద్ద కేంద్రం బనారస్. అక్కడి నేతగాళ్లలో అత్యధికులు అన్సారీ సోదరులు. అంటే దారం తీసే చేతులూ, నేసే చేతులూ రెండూ మనవే. చిక్కల్లా ఇక్కడే. చైనా పట్టు చౌకగా వస్తే బనారస్ మగ్గానికి ఊరట, హిందూపురం రీలరుకు దెబ్బ. సుంకం పెంచితే సంగతి తలకిందులవుతుంది.

జరిగింది కూడా అదే. 2003లో చైనా ముడిపట్టుపై డంపింగ్ నిరోధక సుంకం వేశారు. 2011 బడ్జెట్‌లో కేంద్రం ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించింది. గూళ్ల ధరలు పడిపోయి కర్ణాటక రైతులు రోడ్డెక్కారు. 2013 బడ్జెట్‌లో దానిని 15 శాతం చేశారు.

చైనా దారాన్ని చౌక అనే కొంటారనుకోవడం పొరపాటు. అది బైవోల్టిన్ జాతి దారం. సమంగా, గట్టిగా ఉంటుంది. పడుగుకు అలాంటిదే కావాలి. మన రైతులు ఎక్కువగా పెంచే సంకర జాతి గూళ్ల దారం తరచూ తెగుతుంది. తెగిన ప్రతిసారీ ముడి వేయాలి. చీర లెక్కన కూలీ తీసుకునే నేతగాడికి ఆ సమయమంతా నష్టమే. ఈ లోపాన్ని ఏ సుంకమూ సరిచేయలేదు. 1990లలో మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధనా సంస్థ జపాన్ సహకారంతో మన వాతావరణానికి తగిన బైవోల్టిన్ రకాలను తయారు చేసింది. అయినా నేటికీ మన మల్బరీ పట్టులో ఎక్కువ భాగం పాత సంకర జాతిదే. ఆ పురుగుకు శుభ్రమైన గది, తగిన చల్లదనం కావాలి. చిన్న రైతుకు అది ఖర్చుతో కూడిన పని.

కనుక సుంకం ఉండాలనే నేనంటాను. కానీ ఆ నీడలో రైతుకు గది, రీలరుకు మంచి యంత్రం సమకూరాలి. లేకపోతే రీలరును కాపాడే ఖర్చును బనారస్ నేతగాడి జేబులోంచి తీసినట్టే. దారంపై సుంకం వేసి, చైనాలో నేసిన నకిలీ బనారసీ బట్టను సులువుగా రానిస్తే అతడు రెండు వైపులా నష్టపోతాడు.

అన్నట్టు, నకిలీ బనారసీ చైనా నుంచే రాదు. సూరత్ పవర్‌లూమ్‌ల మీదా బోలెడు తయారవుతుంది. సూరత్ మన దేశంలోనే ఉంది కదా! దాన్ని ఏ కస్టమ్స్ అధికారి ఆపుతాడు? బనారస్ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. నికాహ్ కోసం బనారసీ కొనబోయే సోదరీమణులు దుకాణదారుని చేనేత గుర్తు చూపించమని అడగాలి.