యోధుని ఖడ్గము – మాంత్రికుని దండము



ఆటలోని తగవొకటి నేడు మీ యెదుట పెట్టబోవుచున్నాను. పొలముల పంపకములలో పెద్దమనుష్యులుగా కూర్చుండిన మీకు ఇట్టి తగవు క్రొత్తది కాదు. మెట్ట యెకరము, మాగాణి యెకరము కొలతకు సమానములే. పంటకు సమానములు కావు. ఆటలో ఆయుధములకు మెఱుగు పెట్టునపుడును ఇదే చిక్కు వచ్చును.

1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. ఒకడు కథ నడపును. తక్కినవారు తలకొక పాత్ర వహింతురు. యోధుడు కత్తి పట్టును. మాంత్రికుడు మంత్రము వేయును. వేటు తగిలినదో లేదో పాచిక తేల్చును. అనుభవము పెరిగినకొలది ఇరువురును మెట్లెక్కుదురు.

ఆ మొదటి కూర్పున మాంత్రికునికి ఆరంభమున దినమునకు ఒక్క మంత్రమే. చేతిలో బాకు తప్ప వేఱాయుధము లేదు. కాని పదవ మెట్టున అతని అగ్నిగోళము పది పాచికల గాయము చేయును. యోధుని కత్తివేటు మాత్రము ఒక్క పాచికయే. మొదట ఒకడు, పిమ్మట మఱియొకడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెను.

2008లో వెలువడిన నాలుగవ కూర్పువారు దీనికి సూటియైన మందు వేసిరి. కత్తికెంత మెఱుగో మంత్రదండమునకును అంతే మెఱుగు. తగవు తీరెను, కాని పాత్రలన్నియు ఒకే అచ్చున పోసినట్లున్నవని పలువురు ఆటగాండ్రు పెదవి విఱిచిరి.

సమానమైన మెఱుగు సమానమైన ఫలము నిచ్చునా? 2014 నాటి ఐదవ కూర్పును ముందుంచుకొని నేను లెక్క వేసి చూచితిని. అందు ఐదవ మెట్టు యోధునికి వంతునకు రెండు వేటులు. దినమున ఇరువది వంతులు పోరాడినచో నలుబది వేటులు. వానిలో ఇరువదియైదు తగిలినవనుకొందము. ఖడ్గమునకు ఒక్క అంకె మెఱుగు పెట్టినచో ఆ అంకె గాయమునకును కలియును, పాచికకును కలియును. తగిలిన వేటుల వలన లాభము 25. పాచికకు ముఖములు ఇరువది గనుక, నలుబది వేటులలో మఱి రెండు తగులును. బలిష్ఠుడైన యోధుని చేత ఆ రెంటి గాయము సుమారు 19. వెరసి 44.

ఇక మాంత్రికుడు. అతని అగ్నిగోళము ఎనిమిది పాచికలు. ఇరువది అడుగుల వ్యాసార్ధములో నున్నవారి నందఱిని ఒక్కసారిగా కాల్చును. అయితే ఆ మెట్టున దినమునకు రెండు పర్యాయములే వేయగలడు. నడుమ కొంత విశ్రమించినచో మూడవది దక్కును. ఒక్కొక్క గోళమునకు నలుగురు శత్రువులు చిక్కిరనుకొన్నచో కాలినవారు పండ్రెండుగురు. గోళమునకు ఒక్క అంకె కలిపినచో లాభము 12. ఆ అంకెనే ఒక్కొక్క పాచికకు కలిపినచో లాభము 96! మెఱుగు ఒక్కటే, కలిపిన చోటు వేఱు. ఒకచోట మాంత్రికుడు నష్టపోవును. మఱియొకచోట యోధుడు చిన్నబోవును.

అందుచేతనే ఐదవ కూర్పువారు జాగ్రత్తపడిరి. ఖడ్గపు మెఱుగు సాధారణముగా మూడంకెలు దాటదు. యుద్ధమాంత్రికుని దండము గుఱి చూచి వేయు మంత్రములకే తోడ్పడును, అగ్నిగోళమును అంటదు. 2020 నాటి అనుబంధ గ్రంథమున మాంత్రికునికొక మంత్రపుస్తకము నిచ్చిరి. దానివలన శత్రువు తప్పించుకొనుట కష్టమగును గాని మంట వేడిమి పెరుగదు.

అయినను పుస్తకములోని నియమము ఒక్కటే చాలదు. కథ నడపువాడు ప్రతి పోరు తరువాతను వీరులను తెల్లవారువఱకు నిద్రింపనిచ్చినచో ఏమగును? దినమునకు నాలుగు వంతులే పోరాడిన యోధునికి నా లెక్కలోని 44 తొమ్మిదికి దిగును. మాంత్రికుని రెండు గోళములును అట్లే యుండును. చెఱువు నీరు పొదుపుగా వాడవలసినపుడే కదా పొలమున బావి యున్నవాని విలువ తెలియును! యోధుని బలము తఱుగని బావి. మాంత్రికుని బలము చెఱువు. చెఱువు ప్రతిదినము నిండుచున్నచో బావిని తలచువారుండరు.

కావున ఏ ఆయుధమునకు మెఱుగు పెట్టవలసి వచ్చినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది దినమునకు ఎన్ని పర్యాయములు పనిచేయును? ఒక్క పర్యాయమున ఎందఱిని తాకును? వ్యయమైన బలము ఎప్పుడు తిరిగి వచ్చును? ఈ మూడును అడుగక ఇరువురికిని ఒకే అంకె నిచ్చుట న్యాయమువలె కనబడును గాని న్యాయము కాదు.

ఇంతకును ఇది ఆటయే కదా యందురేమో. కాని ఆ బల్ల యొద్ద కూర్చున్నవారు స్నేహితులు. సాయంకాలమంతయు ఒకడే గెలుచుచు, మఱియొకడు తన వంతునకై కాచుకొని, వంతు వచ్చినపుడు తనవలన కాగల పనియేమియు మిగులలేదని గ్రహించినచో, వాడు మరునాడు రాడు. తూకము వేయవలసినది ఆయుధములను కాదు. ప్రతివానికిని తానుండుటవలన ప్రయోజనమున్నదను నమ్మకమును. మీ మనుమలు ఇట్టి తగవుతో మీ యొద్దకు వచ్చినచో, ఎవరికెంత ఇచ్చిరని అడుగకుడు. ఇచ్చినదానివలన ఎవరికేమి పండినదో అడుగుడు.