ధర్మపురి ఆడకూలీలు: విచారణ లేని చావులు

పిల్లల్ని కనే వయసులో ఆడమనిషి చచ్చిపోతే సర్కారు అడిగేది ఒకటే: కాన్పు చావా, కాదా? కాన్పు చావైతే విచారణ ఉంది. కాకపోతే మట్టి పోయడమే.

కాన్పు చావులు తగ్గిన మాట నిజం. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు 154 మంది తల్లులు చనిపోగా, 2018-20లో తెలంగాణలో ఆ సంఖ్య 43. ఆశా కార్యకర్తలు చెప్పులరిగేలా తిరిగిన ఫలితమిది. గొప్ప మాత్రం మంత్రులది!

మరి మిగతా చావులో? ధర్మపురి పల్లెల్లో పగలు నాట్లేసి, మాపటికి చాట ముందేసుకుని బీడీలు చుట్టే మనిషికి ఒంట్లో నెత్తురెక్కడిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. అలాంటి ఒంటికి కాన్పులో కాస్త ఎక్కువ నెత్తురు పోయినా ప్రాణం మీదికొస్తుంది.

ఇక పురుగుల మందు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో 56 శాతం 15-29 ఏళ్లవాళ్లే. దాదాపు సగం మంది విషం తాగినవాళ్లు, అదీ ఎక్కువగా పురుగుల మందే. మొగుడు గల్ఫుకు పోయిండు, అప్పులోడు గడపలో కూసున్నడు, చేతికందేది మూలకున్న డబ్బా. చాలాసార్లు కాయితం మీద పడేది మాత్రం 'కడుపునొప్పి'.

శ్రీలంక 1995 నుంచి విషమెక్కువున్న మందుల్ని వరసగా నిషేధిస్తే పదేళ్లలో ఆత్మహత్యలు సగానికి దిగాయి. ఇక్కడ కనీసం కాన్పు చావుకు చేసే విచారణ ఈ చావుకూ చేయాలి. అప్పెంత, ఎవరి దగ్గర తెచ్చారు, ఆ నెల ఎన్ని రోజులు కూలి దొరికిందని అడగాలి.